అమ్మేదీ అక్కడే, కొనేదీ అక్కడే

బెల్లం బండి కట్టిన రైతుకు వందేళ్ల కిందట దేవరాపల్లి ప్రాంతంలో బజారు ఎలా ఉండేది?

సంక్రాంతి వెళ్లాక శారదా నది ఒడ్డు పల్లెల్లో బెల్లం బండ్లు కదిలేవి. వెళ్లేటప్పుడు దిమ్మలు. వచ్చేటప్పుడు పిల్లలకు గుడ్డలు, ఇంట్లోకి ఉప్పు, మిరపకాయలు, డబ్బా కిరసనాయిలు, నాగలికి కొత్త కర్రు, ఇల్లాలికి ఒక చీర. బండి అటూ ఇటూ బరువుగానే నడిచేది. రైతు చేతిలో మాత్రం రొక్కం పెద్దగా ఆడేది కాదు. బెల్లం దించుకున్న షావుకారే చీర కొలిచి చేతిలో పెట్టేవాడు. రెండింటి లెక్కా ఆయన ఆవర్జా పుస్తకంలో ఉండేది.

పాతకాలపు సంత అనగానే గాజుల మలారాలు, జీళ్ల తట్టలు, పొట్టేళ్ల పందేలు గుర్తుకు తెచ్చుకుని మురిసిపోవడం మనకు అలవాటు. అవీ ఉండేవి, కాదనలేం. కానీ ఆనాటి కొండకింద ఊళ్ల వ్యాపారాన్ని నడిపించిన సంగతి వేరే ఉంది. పంట అమ్ముకునే గుమ్మం, ఇంటికి సరుకు కొనుక్కునే గుమ్మం, అప్పు పుట్టే గుమ్మం మూడూ ఒకటే. అలా ఒకటైన చోట దేని ధర ఎంతో రైతుకు సూటిగా తెలిసే వీలు లేదు.

కొండకూ మైదానానికీ మధ్య

దేవరాపల్లి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడే దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. చోడవరం నుంచి వెళ్తుంటే పొలాలు అయిపోయి తూర్పు కనుమలు దగ్గరపడే చోటు అది. ఆ వెనుక అనంతగిరి కొండలు. అక్కడి నుంచి దిగివచ్చే శారద మీద తర్వాతి కాలంలో రైవాడ జలాశయం కట్టారు. ఈనాడు ఆ నీళ్లు ఇక్కడి పొలాలతో పాటు విశాఖ నగరం కుళాయిలకూ వెళ్తున్నాయి.

డబ్ల్యు. ఫ్రాన్సిస్ విశాఖపట్నం జిల్లా గెజిటీర్ కూర్చిన 1907 నాటికి ఆ జిల్లా ఎంత పెద్దదంటే, కోరాపుట్, జయపురం సీమలు కూడా అందులోవే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాకే అవి విడిపోయాయి. చోడవరం అప్పట్లో వీరవల్లి అనే జమీందారీ తాలూకాకు కేంద్రం. భూమి శిస్తు జమీందారుకు కట్టాలి, అదీ గడువులోగా. ఈ గడువు సంగతి గుర్తుంచుకోవాలి. బెల్లం ఎప్పుడు అమ్మాలో చాలాసార్లు అదే తేల్చేది.

ఇలాంటి కొండకింద ఊళ్లలో వారానికొక రోజు రెండు లోకాలు కలుసుకునేవి. కొండ మీది నుంచి కావిళ్లలో, తలల మీద పసుపు, చింతపండు, వలిసెలు, కరక్కాయలు, సీకాయ, అడ్డాకులు, కొండచీపుర్లు, తేనె దిగేవి. కింది నుంచి ఉప్పు, ఎండుచేపలు, పొగాకు, నేత బట్ట, ఇనుప సామాను ఎక్కేవి. కొండదొరలు, బగతలు తెల్లారకముందే బయల్దేరి దిగివచ్చి, ఎండ చల్లబడేలోగా తిరిగి కొండెక్కాలి. ఆ తొందర వర్తకుడికి బాగా తెలుసు. పొద్దు వాలేకొద్దీ చింతపండు బుట్ట ధర దిగిపోయేది. మోసుకొచ్చిన బుట్టను మళ్లీ కొండమీదికి ఎవరు మోసుకెళ్తారు?

ఉప్పు సంగతి కాస్త లెక్కగా చూడాలి. 1903కు ముందు 82 పౌన్ల సర్కారు మణుగు ఉప్పు మీద పన్ను రెండున్నర రూపాయలు. అంటే మనవాళ్లు వాడే వీశె ఉప్పుకు, మూడు పౌన్లకు కాస్త పైన బరువుకు, అణాన్నర దాకా పన్నే. ఉప్పు ఖరీదు, కావిడి కూలి, వర్తకుడి లాభం ఆ పైన. 1903లో రెండు రూపాయలకు, 1905లో రూపాయిన్నరకు, 1907లో రూపాయికి తగ్గించాక వీశెకు అర్ధణా పైచిలుకు అయింది. గెజిటీర్ అచ్చయిన ఏడాదే కొండవాడి చేతికి ఉప్పు అంతకుముందు ఏళ్ల కంటే చవకగా అందాల్సిన ఏడాది. అందాల్సినదంతా అందిందని మాత్రం చెప్పలేం. ఉప్పుకు మారుగా పసుపు ఇచ్చేవాడికి పన్ను తగ్గిన సంగతి ఎవరు చెబుతారు?

సంతలో కూర్చునే ప్రతివాడూ ఆశీలు కట్టాలి. తట్టకింత, బండికింత, పశువుకింత. ఆ వసూలు హక్కును వేలం వేసేవారు. ముందు జమీందార్లు, తర్వాత తర్వాత లోకల్ బోర్డులు. పాడుకున్నవాడు తన డబ్బు రాబట్టుకోవడానికి ఎంత గట్టిగా నిలబడతాడో, ఇప్పటికీ సంతల్లో ఆశీలు తగువులు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

తినే సరుకుతో సమానంగా గిరాకీ ఉండేది పొగాకుకు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్టను నిప్పు కొస నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు తర్వాతి రోజుల్లో వైద్య పరిశోధకులు దేశదేశాల పత్రికల్లో రాసేంత ప్రసిద్ధమైంది. సంతలో కట్ట పొగాకు బేరం చేసేది మగవాళ్లేనని ఎవరైనా బొమ్మ గీస్తే నమ్మకండి.

ఆగని వంట

ఇక బెల్లం. ఈ ప్రాంతపు రైతు చేతికి రొక్కంగా మారగల సరుకు ఇదే. వరి, చోళ్లు చాలావరకు ఇంటి తిండికి, కూలికి, కౌలుకు పోయేవి. గవరలు, కొప్పుల వెలమలు చెరుకు సాగులో అందె వేసిన చేతులు.

చెరుకు నరికాక ఆలస్యం చేస్తే రసం పాడవుతుంది. అందుకే గానుగ తిరగడం మొదలైతే పగలూ రాత్రీ ఆగదు. పాత రోజుల్లో చెక్క గానుగలు. 1870ల్లో బీహార్‌లోని బీహియాలో థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు దొరలు తయారు చేసిన ఇనుప రోలర్ల గానుగ దేశమంతా పాకడంతో రసం ఎక్కువ దిగింది, మనిషి శ్రమ తగ్గింది. ఎడ్లకు మాత్రం పెద్దగా ఒరిగిందేమీ లేదు, అవే చుట్లు. రసం వెడల్పాటి పెనంలో పోస్తారు. కింద మంటకు ఎండిన చెరుకు పిప్పే. రసం కాగుతుంటే సున్నపు తేట వేస్తారు, పైకి తేలిన తెట్టు జల్లితో తీసేస్తుంటారు. సున్నం తక్కువైతే బెల్లం గట్టిపడదు, ఎక్కువైతే రంగు చెడుతుంది. పాకం వచ్చిందో లేదో తేల్చేది పెనం దగ్గర నిలబడ్డ పెద్దమనిషి. చుక్క నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. వేళ్ల మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకుని చిటుకుమనే చప్పుడు వినేవాళ్లూ ఉండేవారు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే పెనం బెల్లం మొత్తానికీ ధర మారిపోతుంది. దింపాక తెడ్డుతో కలియతిప్పి, ఆరనిచ్చి, దిమ్మలు కడతారు.

ఇంత కష్టపడి చేసిన సరుకుకు ఒక పెద్ద లోపం ఉంది. బెల్లం గాలిలో తేమ పీల్చుకుంటుంది. తొలకరి పడితే దిమ్మ నీరు కారుతుంది, రంగు నల్లబడుతుంది. గడ్డి ఇంట్లో, తాటాకు పంచలో దాన్ని దాచడం రైతువల్ల అయ్యేది కాదు. పొడి గోదాములు షావుకార్లవి. అంటే వేసవి పోయేలోగా, అందరూ అమ్మే రోజుల్లోనే, అందరితో పాటు అమ్మి తీరాలి. పైగా జమీందారు కిస్తీ గడువు. ఆగగలిగినవాడు గోదాము ఉన్నవాడే.

దేవరాపల్లి, చోడవరం వైపు బండ్లకు పెద్ద గమ్యం అనకాపల్లి. బెజవాడ నుంచి కటకం దాకా తూర్పుతీర రైలుమార్గం 1893–96 మధ్య దశలవారీగా తెరుచుకున్నాక ఆ ఊరి దశ తిరిగింది. అంతకుముందు ఎగుమతి సరుకు చాలా వరకు భీమునిపట్నం రేవుకు చేరి పడవలెక్కేది. రైలు వచ్చాక అనకాపల్లి బెల్లం దూరదేశాల బజార్లకు పెట్టెల్లో వెళ్లడం మొదలైంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా ఆ ఊరికి పేరొచ్చింది. చెరుకు విలువ సర్కారుకూ తెలిసింది. గోదావరి డెల్టాలో ఎర్రకుళ్లు తెగులు తోటలను తుడిచిపెట్టినప్పుడు 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రం పెట్టారు. 1913లో అనకాపల్లిలోనూ చెరుకు పరిశోధన కేంద్రం వచ్చింది. అది ఇప్పటికీ పనిచేస్తోంది.

షావుకారు కొట్టు

కొట్టు ముందు అరుగు, అరుగు మీద చాప, గోడకు ఆనుకుని గల్లాపెట్టె. వెనక గదిలో ఉప్పు బస్తాలు, పప్పులు, ఎండుమిర్చి, నూనె కుండలు. పక్క అలమరలో బట్ట తానులు. అందులో మన నేతగాళ్ల చీరలూ ఉండేవి, మాంచెస్టరు మిల్లు గుడ్డా ఉండేది. కిరసనాయిలు, అగ్గిపెట్టెలు, సూదులు, అద్దాలు ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో పల్లె కొట్లలోకి పాకిన కొత్త వస్తువులు. ఆముదం దీపం మానేసి కిరసనాయిలు బుడ్డి పెట్టుకున్న ఇల్లు అప్పటి నుంచి వారం వారం కొట్టుకు రాక తప్పదు. ఆముదం పెరట్లో పండుతుంది, కిరసనాయిలు పండదు కదా!

రోజువారీ లెక్క చిట్టాలో, ఒక్కో మనిషి పేరున జమాఖర్చు ఆవర్జాలో. జూన్‌లో విత్తనం గింజలు, శ్రావణంలో పెళ్లి బట్టలు, దసరాకు బియ్యం, మధ్యలో ఎద్దు చస్తే కొత్త ఎద్దుకు రొక్కం. అన్నీ అరువు. మాఘ, ఫాల్గుణాల్లో బెల్లం జమ. కొట్లో పద్దు రాసిన ధరకు అరువు వడ్డీ ముందే కలిసి ఉండేది, బెల్లం జమ రాసిన ధర కొట్టువాడు చెప్పిందే. రెండు చోట్లా రవంత రవంత జరిగితే చాలు, ఏడాది తిరిగేసరికి బాకీ బతికే ఉంటుంది.

బాకీ పెరిగితే ప్రోనోటు. స్టాంపు మీద రైతు వేలిముద్ర. 1908 కాలపరిమితి చట్టం ప్రకారం మూడేళ్లు దాటితే నోటు చెల్లదు. అందుకే మూడో ఏడు నిండకముందే వడ్డీని అసలులో కలిపి తిరగరాయించేవారు. "ఏటి బాబూ, అప్పుడు యాభయ్యే గదా?" అని అడిగే ధైర్యం ఉన్నవాడికి కూడా జవాబు పుస్తకంలోనే దొరికేది. ఆ పుస్తకం చదవడం వాడికి రాదు.

షావుకార్లందరూ దొంగలని రాస్తే కథ సులువుగా అయిపోతుంది, న్యాయంగా మాత్రం ఉండదు. కరువు ఏడాది గింజ పుట్టించినవాడు, జ్వరం వస్తే అర్ధరాత్రి తలుపు తీసినవాడు ఆయనే. వానలు లేక పంట పోతే ఆయన పద్దూ పోయేది. పల్లెలో బ్యాంకు లేని కాలం అది. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చినా దాని నీడ ఈ కొండకింద ఊళ్లకు నిదానంగా చేరింది. అయితే రైతుకు ఇంకో కొట్టుకు వెళ్లే స్వేచ్ఛ లేకపోవడం ఒక్కటే ఈ ఏర్పాటులో అసలు చిక్కు. బాకీ ఉన్నంత కాలం బెల్లం ఆ గుమ్మంలోనే దించాలి.

కొండ మీద ఇది ఇంకా ముదిరింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. కొండజాతివారి అప్పు మీద వడ్డీ ఏడాదికి నూటికి 24 మించకూడదు, చక్రవడ్డీ పనికిరాదు, మొత్తం వడ్డీ అసలును దాటకూడదు. గిరిజనుల భూమి సర్కారు ఏజెంటు అనుమతి లేకుండా బయటివాళ్ల చేతికి పోకూడదు. నూటికి 24 అనేది దయ చూపిన గీత అని సర్కారే అనుకుందంటే, అంతకుముందు ఎంత పిండేవారో ఊహించవచ్చు.

కుంచాలూ మణుగులూ

గింజలకు కొలత వేరు, బెల్లానికి తూకం వేరు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కొలిచేవాడు తొలి కుంచాన్ని "లాభం" అని మొదలుపెట్టి, ఆ తర్వాత "రెండు, మూడు" అని సాగేవాడు. రాశి మీద కొలిస్తే ఒక లెక్క, కోతకొట్టి కొలిస్తే ఇంకో లెక్క. కొనేటప్పుడు రాశి, అమ్మేటప్పుడు కోత. కుంచం ఒక్కటే, చెయ్యి మారితే గింజ మారేది.

తూకంలో ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. మద్రాసు మణుగు 25 పౌన్లు. సర్కారు ఉప్పు లెక్కకు వాడే మణుగు 82 పౌన్లు. పేరు ఒకటే, బరువులు మూడింతలకు పైగా తేడా. డబ్బులో పదహారు అణాలు రూపాయి, నాలుగణాలు పావలా, రెండణాలు బేడ. కాగితం కలం లేకుండా వీశె ధర నుంచి బారువ ధర గుణించగలిగినవాడిని పల్లెలో లెక్కల మనిషిగా చూసేవారు. ఆ రోజుల్లో అణాకు ఎంత వచ్చేదో చెప్పి నిట్టూర్చే పెద్దలున్నారు. కూలి కూడా అణాల్లోనే ఉండేదన్నది ఆ నిట్టూర్పులో వినబడదు.

పట్నం బజారుకు నేరుగా బండి తోలినా చిక్కులు తీరలేదు. 1928లో లిన్‌లిత్‌గో అధ్యక్షతన వ్యవసాయ రాయల్ కమిషన్ ఇచ్చిన నివేదిక దేశమంతా బజార్లలో కనబడిన తంతును వివరంగా రాసింది. తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని దళారులు గుట్టుగా బేరం తేల్చడం, మచ్చు పేరున సరుకు తీసుకోవడం, తరుగు, కాటా కూలి, ఆపైన గుడికో గోశాలకో ధర్మం. ఆ ధర్మం వర్తకుడి పుణ్యం ఖాతాలో పడేది, డబ్బు రైతు బెల్లంలోంచి పోయేది. అదుపులో ఉండే మార్కెట్లు పెట్టాలని కమిషన్ చెప్పింది. 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో మార్కెట్ యార్డులు, కమిటీలు ఊరూరా పాతుకోవడం 1966 చట్టం తర్వాతి మాట.

బయటి లోకం

ఈ ఊళ్లకు డబ్బు ఇంకో దారిన కూడా వచ్చేది. విశాఖ, భీమిలి రేవుల నుంచి స్టీమరెక్కి రంగూన్‌లో ధాన్యం మిల్లులకు, రేవు పనులకు వెళ్లిన కూలీలు మనియార్డర్లు పంపేవారు. ఆ మనియార్డరు అందిన ఇంటికి కొట్లో మర్యాద పెరిగేది. చేతిలో రొక్కం ఉన్నవాడు బేరమాడతాడు, ఇంకో కొట్టూ చూస్తాడు. 1941 చివర రంగూన్ మీద జపాను బాంబులు పడి, ఆ మరుసటి ఏడాది బర్మా వారి చేతికి చిక్కే నాటికి ఆ దారి మూసుకుపోయింది.

సరదా సరుకు లేకపోలేదు. దేవరాపల్లికి పొరుగునే ఉన్న మాడుగుల హల్వాకు వందేళ్లకు పైబడిన పేరు. గోధుమ పాలు, నెయ్యి, చక్కెరతో చేసే మిఠాయి అది. గోధుమ పెద్దగా పండని ఈ కొండకింద సీమలో గోధుమపాల హల్వా పుట్టడమే, బయటి సరుకు ఇక్కడి బజారులోకి ఎంత లోతుగా చొరబడిందో చెబుతుంది.

1929 తర్వాత ప్రపంచమంతటా ధరలు కూలాయి. బెల్లం ధరా కూలింది. ఆవర్జాలోని అప్పు మాత్రం కూలలేదు. పాత ధరల నాటి బాకీని కొత్త ధరల బెల్లంతో తీర్చాలంటే ఒక దిమ్మ చోట రెండు పోయాలి. రైతు అప్పుల మీద సత్యనాథన్ నివేదిక 1935లో, రాజాజీ మంత్రివర్గం తెచ్చిన రైతు రుణ విమోచన చట్టం 1938లో. దాని ప్రకారం 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు. అసలుకు రెండింతలు అప్పటికే చెల్లించి ఉంటే అప్పు తీరినట్టే. అరుగుల మీద దుమారం రేగిందంటే ఆశ్చర్యం లేదు. కొత్త అప్పు ఇవ్వడానికి చేతులు వెనక్కి వెళ్లడమూ సహజమే.

అంతకంటే నిలిచిన మార్పు చక్కెర ఫ్యాక్టరీల రూపంలో వచ్చింది. 1932లో దేశీ చక్కెరకు సుంకం రక్షణ దొరికింది. ఆ వెంటనే, 1930ల నడిమికల్లా, దేశంలో తొలి సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో రెండు ఈ జిల్లాలోనే లేచాయి: ఏటికొప్పాక, తుమ్మపాల. చోడవరం దగ్గర గోవాడ ఫ్యాక్టరీ స్వాతంత్ర్యం వచ్చాక వచ్చింది. చెరుకు ఫ్యాక్టరీకి తోలినవాడికి టన్నుకు ధర ముందే తెలుస్తుంది, కాటా చీటీ చేతికొస్తుంది, డబ్బు వేరే చోట నుంచి వస్తుంది. చీర కొట్టుకూ చెరుకు తూకానికీ తొలిసారి సంబంధం తెగింది. కొండ సరుకుకు అలాంటి పనే 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ చేసింది. చింతపండు, అడ్డాకులు, తేనె ఒక చోట కొని, నిత్యావసరాలు అమ్మే డిపోలు పెట్టింది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు కిలోలు తప్పనిసరి అయ్యాయి. మణుగుల గందరగోళం చట్టరీత్యా ముగిసింది.

తుమ్మపాల ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడి ఉంది. జిల్లాలో చెరుకు తోటలు తగ్గాయి. అనకాపల్లి యార్డులో మాత్రం బెల్లం సీజనులో దిమ్మలు వరసలు తీరుతాయి, కొలగార్లు, కలాసీలు, వర్తకులు వేలం దగ్గర గుమిగూడతారు, ధర అందరికీ వినబడేలా పలుకుతారు. దేవరాపల్లి నుంచి విశాఖకు ఈరోజు ఎక్కువగా వెళ్లేది కూరగాయల మూటలు.

ఇంత మారినా పాత ఏర్పాటు ఒక చోట మళ్లీ తల ఎత్తింది. ఆవర్జా ఉన్న చోట ఎరువుల కొట్టు వచ్చింది. కౌలు రైతుకు పంట రుణం కావాలంటే 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు ఉండాలి. ఆ కార్డు భూమి యజమాని సంతకం పెడితేనే వస్తుంది. కార్డు మీద సంతకం చేస్తే భూమి చేజారుతుందేమోనని యజమానులు చాలామంది జంకుతారు. సంతకం లేదు కాబట్టి కార్డు లేదు, కార్డు లేదు కాబట్టి బ్యాంకు అప్పు గగనమే. యూరియా బస్తా, పురుగుమందు డబ్బా కొట్లోంచి అరువు మీద వస్తాయి, పంట చేతికొచ్చాక ఆ కొట్టుకే, లేదా ఆ కొట్టు చూపించిన వర్తకుడికే వెళ్తుంది. తూకం రోజున ధర చెప్పేది ఆయనే.